సారాంశంలో రాని సంగతి

శనివారం పొద్దున హంసిని పెనం మీద పెసరట్టు తిరగేస్తుండగా, పక్కింటి ధన్విత వంటింటి కిటికీ దగ్గరికి వచ్చి నిలబడింది.

"పిన్నిగారూ, రేపు మీ ఉపన్యాసానికి మా ఆయన మనిషిగానే వస్తారట. డూపుని పంపనన్నారు. పెళ్ళయ్యాక ఆ మనిషి ఆదివారం కుర్చీలోంచి లేవడం ఇదే మొదటిసారి" అంది.

"ఎవరి ఉపన్యాసానికి?"

"బాగుంది మీ వేళాకోళం! గ్రంథాలయం ముందు బోర్డు కూడా పెట్టేస్తే! 'తుఫాను నాడు పుస్తకాలు మోసిందెవరు? వక్త: శ్రీమతి హంసిని' అని. ఆ ప్రశ్నార్థకం మాత్రం భలే పెట్టారండీ. మోసింది మీ మామగారని ఊళ్ళో పసిపిల్లలకి కూడా తెలుసు. అయినా తెలీనట్టు అడగడం, అదీ కళ."

పెసరట్టు మాడింది. హంసిని దాన్ని తీసి పక్కన పెట్టి, పొయ్యి కట్టేసి, తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ ఆలోచించింది. ఆమె జీవితంలో ఒక్కసారే వేదిక ఎక్కింది. డిగ్రీ రెండో ఏడు, 'నీటి పొదుపు' మీద వక్తృత్వపు పోటీ. సభకు నమస్కారం అన్నాక మిగతాదంతా మరిచిపోయి, బల్ల మీదున్న గ్లాసెడు నీళ్ళూ తాగేసి దిగి వచ్చింది. ఆ తర్వాత ముప్ఫై ఏళ్ళలో ఎవరూ ఆమెని మాట్లాడమనలేదు. ఆమె కూడా అడగలేదు. రెండు వైపులా సుఖంగానే ఉంది.

ఇక మిగిలింది ఒకటే దారి. తను ఒప్పుకోలేదు గనక, తన డూపు ఒప్పుకుని ఉండాలి.

ప్రతిసన్నిధి అన్నది సర్కారు పెట్టిన పేరు. సినిమాల్లో హీరో బదులు మేడ మీంచి దూకేవాడి పేరు ఊళ్ళో ఎప్పట్నుంచో ఉంది కాబట్టి జనం డూపు అన్నారు. మెళ్ళో గొలుసుకో, చేతి కడియానికో మినపగింజంత వినుపూస ఒకటి ఉంటుంది. మనిషి విన్నదల్లా అది వింటుంది, అన్నదల్లా నేర్చుకుంటుంది. ఏడాది తిరిగేసరికి మనిషి ఎక్కడ నవ్వుతాడో, ఎక్కడ నసుగుతాడో దానికి కంఠతా వస్తుంది. సభల్లో ఒక్కో కుర్చీకి ఒక్కో వెలుగుపలక బిగించి ఉంటుంది. వేళయ్యేసరికి ఆ పలక మీద మనిషి రూపం వెలుగై లేచి, కాలు మీద కాలేసుకుని కూర్చుంటుంది. అది కునుకు తీయదు. మధ్యలో లేచిపోదు. చప్పట్లు సరైన చోట కొడుతుంది. సభ ముగిశాక అయిదు వాక్యాల సారాంశం ఇంటి గోడ మీదికి వస్తుంది.

పూసలరేవు గ్రంథాలయంలో ప్రతి ఆదివారం నాలుగింటికి ఉచిత సభ. ఒక వారం ఊరి చరిత్ర, ఒక వారం పుస్తక చర్చ, ఒక వారం ఎవరో ఒకరు ఎక్కడికో వెళ్ళొచ్చిన కబుర్లు. ప్రతిసన్నిధి రాకముందు హాల్లో పదకొండు మంది ఉండేవారు. అందులో ముగ్గురు ఫ్యాను కోసం వచ్చేవారు. ఇప్పుడు ఎనభై కుర్చీలూ నిండుతున్నాయి. వక్తా డూపే, శ్రోతలూ డూపులే. వాళ్ళకి గాలి అక్కర్లేకపోయినా ఫ్యాన్లు మాత్రం నిజంగానే తిరుగుతున్నాయి. హంసిని మూడేళ్ళుగా ఆ గడప తొక్కలేదు. అయినా దీపస్తంభం ఎన్నిసార్లు కూలిందో, ఉప్పుమళ్ళు ఎప్పుడు మూతపడ్డాయో అడిగితే అయిదేసి వాక్యాల్లో చెప్పగలదు. ఆరో వాక్యం ఎవరూ అడగరు కాబట్టి ఇబ్బంది రాలేదు.

"గోడా, పోయిన ఆదివారం సారాంశం చెప్పు."

గోడ ఉప్పుమళ్ళ గురించి అయిదు వాక్యాలు చెప్పి ఊరుకుంది.

"నేను ఉపన్యాసం ఇస్తానని ఎప్పుడన్నాను?"

"సభ ముగిశాక అన్నారు. అది సభానంతర సంభాషణ. సారాంశం పరిధిలోకి రాదు."

"ఏం, ఎందుకు రాదు?"

"తయారీదారుల నిర్వచనంలో అది పిచ్చాపాటీ."

ఆ నిర్వచనం రాసినవాడు ఎవడోగాని మన సభలకి ఒక్కసారైనా వచ్చి ఉండడని హంసినికి తోచింది. ఇక్కడ ఉపన్యాసం కోసం సభకి వెళ్ళిందెవరు? సభ అయ్యాక చెప్పులు వెతుక్కుంటూ అరగంట మాట్లాడుకోవడానికి కదా వెళ్ళేది! అసలు సరుకంతా పారబోసి, గోడ మూడేళ్ళుగా తనకి తొక్కలు పంపిస్తోందన్నమాట.

"ఆ ఉపన్యాసం రద్దు చెయ్యి."

"కుదరదు. మాట ఇచ్చినవారు సభకి స్వయంగా వచ్చి వెనక్కి తీసుకోవాలి. నియమావళిలో ఏడో నియమం. పెట్టినవారు యశ్వంతరావు గారు."

యశ్వంతరావు గారంటే ఆమె మామగారే. బతికుండగా కూడా ఆయనతో ఇదే బాధ.

పక్క గదిలోంచి భర్త అభిజిత్ వచ్చాడు. రేపటికి తుఫాను వచ్చి యాభై ఏళ్ళు. గ్రంథాలయంలో తండ్రి విగ్రహం మీది ముసుగు అతనే తీయాలి. శాలువా డూపు భుజాల మీద నిలవదు గనక అతను మనిషిగానే వెళ్తున్నాడు. మూడు రోజులుగా అద్దం ముందు వినయంగా నిలబడడం సాధన చేస్తున్నాడు.

"ఏమోయ్, నాతో మాటవరసకైనా అనలేదే!" అన్నాడు. "రోహిత్ నాయుడు గారు ఇప్పుడే చెప్పారు. నాన్న గురించి నువ్వు మాట్లాడతావని నేను కల్లో కూడా అనుకోలేదు. ఆయనంటే నీకు పెద్ద ఇది లేదేమో అనుకునేవాణ్ణి."

"అబ్బే" అంది హంసిని.

అతను మాడిన పెసరట్టే తీసుకుని బాగుందంటూ తిన్నాడు. అప్పుడు ఆమెకి నిజంగా భయం వేసింది.

భయానికి కారణం ఏడేళ్ళ నాటిది, మెళ్ళో వినుపూస పడిన కొత్తల్లోది. ఒక మధ్యాహ్నం అత్తగారు మౌనికమ్మ, తనూ చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నారు. ఆవిడ తలెత్తకుండా, "ఆ రోజు మీ మామగారు ఊళ్ళోనే లేరే. విజయనగరంలో పెళ్ళి భోజనం చేస్తున్నారు. పుస్తకాలన్నీ మేడ మీదికి చేర్చింది గ్రంథాలయం ఊడ్చే నూకరత్నం. ఈయన మూడో రోజున వచ్చి పుస్తకాల మధ్య నిలబడ్డారు. పేపరువాళ్ళు ఫోటో తీసుకున్నారు. మీరేనా అని అడిగితే కాదనలేదు. అంతే. ఆ కాదనకపోవడం అలా ఉండిపోయింది" అంది. తర్వాత, "ఇవి ముదిరిపోయాయి, పులుసులోకి వేద్దాం" అంది.

ఎవరితోనూ అనకు అనలేదు. తంటా అంతా అక్కడే వచ్చింది.

వినుపూసకి గుట్టు అంటే ఏమిటో తయారీదారులు నేర్పే పంపారు. 'ఎవరితోనూ అనకు', 'మనలో మాట', 'నా మీద ఒట్టు' లాంటి మాటలు వినబడితే, ఆ సంగతికి అది తాళం వేస్తుంది, డూపు నోటికి రానివ్వదు. వాళ్ళకి తెలియనిదేమిటంటే, ఈ ఊళ్ళో ఎవరితోనూ అనకు అని చెప్పేది అందరికీ చేరాలని. నిజంగా దాచాల్సిన మాటని మామూలు మాటల మధ్య, చేతిలో పని ఆపకుండా, ఒక్కసారి చెప్పి వదిలేస్తారు. విన్నవాళ్ళు గొయ్యి తీసి పాతేస్తారు. ఆ పద్ధతి ఏ యంత్రానికి ఎవరు నేర్పుతారు? అందుచేత ధన్విత కొత్త నెక్లెసు సంగతికి పూస మూడు తాళాలు వేసింది. మామగారి పరువుని మాత్రం గుమ్మంలో ఆరబెట్టింది.

సాయంత్రం ఆమె గ్రంథాలయానికి నడిచి వెళ్ళింది. గ్రంథపాలకుడు రోహిత్ నాయుడు అరవై దాటిన మనిషి. విగ్రహానికి కట్టిన ఎర్ర ముసుగు ముడులు సరిచేస్తున్నాడు.

"నాయుడు గారూ, నేను ఉపన్యాసం ఇస్తానని ఎలా ఒప్పుకున్నానో మీరు విన్నారా?"

"చివరి మాట విన్నానమ్మా. సభ అవగానే నేను టీకి వెళ్తాను కదా. డూపులకి అక్కర్లేకపోయినా నాకు కావాలి. ఆరింటికి పలకలు ఆర్పడానికి వచ్చేసరికి మీరు లేచి నిలబడి, 'వచ్చే వారం నేనే చెప్తాను, రాసుకోండి' అన్నారు. లహరి గారు ఏడుస్తున్నారు. రాసుకున్నాను."

"లహరి ఎవరు?"

ముడి ఆయన చేతిలోంచి జారింది. "అదేమిటమ్మా! మూడేళ్ళుగా మీ పక్క కుర్చీ. నూకరత్నం కూతురు, చేపరేవు దగ్గర మంచు గిడ్డంగిలో పని. ఆవిడ రాకపోతే మీరు వక్తని కూడా మొదలుపెట్టనివ్వరు కదా, ఇంకా రాలేదు ఆగండి అని!"

తనకి అంత స్నేహితురాలు ఉందని హంసినికి అప్పుడే తెలిసింది. నంబరు తీసుకుని, మెట్ల మీద కూర్చుని ఫోను చేసింది.

"ఏటి హంసినీ, మోకాలు ఎలాగుంది? నువ్వులనూనె రాసినావా, నేదా?" అంది అవతలి గొంతు.

హంసినికి మోకాలు నొప్పి ఉన్న మాట నిజం. మొగుడికి కూడా చెప్పలేదు.

"చూడండీ, మీరు..."

"ఓలమ్మ! మీరు అంతన్నావేటి? కోపమొచ్చిందా?"

"అది కాదండీ. నాకేమీ తెలియదు. నా గోడ నాకు ఉపన్యాసాలే చెప్పింది. మనం మాట్లాడుకున్నది చెప్పలేదు."

అవతల మంచు కొట్టే చప్పుడు ఆగింది. తర్వాత లహరి నవ్వింది. ఆ నవ్వులో కొంచెం చిన్నబుచ్చుకోవడం ఉంది. "మాది పాత సరుకమ్మా. ఎవులో పారేసినది. సారాంశం తియ్యడం దానికి రాదు. ఇన్నదంతా తట్టలోకెత్తి తెచ్చి పోస్తాది. రోజూ మంచు పగలగొడతా నీ మాటలే ఇనుకుంటాను. నీకూ తెలుసనీసుకున్నాను."

"ఆ సభలకి మీరు ఎందుకు వస్తున్నారు?"

"తుఫాను మాట వచ్చినప్పుడల్లా వేదికెక్కి మా అమ్మ పేరు కూడా ఎవులైనా అంతారేమోనని. చెప్తానని మూడేళ్ళకి నువ్వన్నావు. మరి రేపు అమ్మని తీసుకురమ్మన్నావు కదా, బండి మాటాడీసినాను. అమ్మకింకా ఎందుకో చెప్పనేదు. ఎనభై అయిదేళ్ళ మనిషి, గుండాగిపోద్దేమోనని."

ఇది రద్దు చేద్దామనే ఫోను చేశాను అనాలి. ఆ వాక్యం హంసిని నాలుక చివరిదాకా వచ్చి, అక్కడ కూర్చుండిపోయింది.

"మీ ఆయన గురించి బెంగెట్టుకోకు. ఆయన మంచోడు, నాకు తెల్సు" అంది లహరి.

ఇరవై ఏడేళ్ళు కాపురం చేసిన తనకి లేని భరోసా ఈవిడకి ఎక్కడిదో హంసినికి అర్థం కాలేదు. ఇంటికి వెళ్ళేసరికి అభిజిత్ తండ్రి ఫోటో తుడుస్తున్నాడు. ఆమె పొద్దుపోయేదాకా రెండు వాక్యాలు కూర్చుకుంది. 'అనివార్య కారణాల వల్ల నేను మాట్లాడలేకపోతున్నాను. సభ వారు మన్నించగలరు.' ఇవి రెండూ చెప్పి దిగిపోవాలి. తర్వాత లహరి ముఖం చూడకుండా వెనక తలుపులోంచి వచ్చెయ్యాలి.

*

ఆదివారం నాలుగింటికి హాల్లో మనుషులు పదిహేను మంది ఉన్నారు. మిగతా కుర్చీల్లో డూపులు. మనుషులు చెమటలు తుడుచుకుంటూ, ఎక్కడ కూర్చోవాలో తెలియక, డూపుల ఒళ్ళో కూర్చోబోయి ఉలిక్కిపడి లేస్తూ తికమక పడుతున్నారు. నాలుగో వరసలో హంసినికి తనే కనిపించింది. నిరుడు పెళ్ళికి కట్టిన నెమలికంఠం రంగు చీరలో, పక్కనున్న అభిజిత్ డూపు చెవిలో ఏదో చెప్పి నవ్విస్తోంది. ఆ చీర తనకంటే దానికే నప్పింది.

"నేను వచ్చాను కదా, అదెందుకు?" అని రోహిత్ నాయుణ్ణి అడిగింది.

"వారంవారీ ఏర్పాటమ్మా అది. మీరిద్దరే కాదు, వచ్చినవాళ్ళలో చాలామంది రద్దు చెయ్యలేదు. వదిలెయ్యండి, హాలు నిండుగా ఉంటుంది."

అభిజిత్ వేదిక మీద విగ్రహం పక్కన కూర్చున్నాడు. స్వాగతం అయింది, జ్యోతి వెలిగింది, ఒక డూపు ప్రార్థన పాడింది. హంసిని పేరు పిలిచారు. ఆమె లేచి వేదిక ఎక్కి, బల్ల మీది నీళ్ళ గ్లాసుని దూరంగా జరిపింది.

"సభకు నమస్కారం. అనివార్య కారణాల వల్ల..."

"అమ్మా, ఒక్క మాట" అంది నడవలోంచి ఒక సన్నటి గొంతు.

చక్రాల కుర్చీలో ముడుచుకుని కూర్చున్న ముసలామె చెయ్యెత్తి ఉంది. వెనకాల కుర్చీ పట్టుకుని యాభై ఏళ్ళ మనిషి, లహరే అయి ఉండాలి, "అమ్మా, ఆగే" అని గుసగుసలాడుతోంది.

"నువ్వాగు. నన్నెందుకు పిలిపించినారో నాకు తెల్సు" అంది నూకరత్నం. "ముందు నాను చెప్పీస్తాను, తరవాత మీరు తిట్టండి. తప్పు నాదే. ఆ వేళ నీళ్ళొచ్చేస్తన్నాయి. బీరువాలు మోయనేను. మా అక్క ఎండుచేపల తట్టలుండీవి, రెండు. ఆట్లోనే యేసుకోని మేడెక్కించినాను. ఎన్నిసార్లో నెక్కెట్టనేదు. పుస్తకాలకి చేపల కంపు పట్టీసింది. సరస్వతికి కంపు పట్టించినాననీసి బయపడి, మరి పనికి రానేదు. ఇంకోటి. మెట్ల కాడ కాలు జారి రెండు పుస్తకాలు నీళ్ళలో పోనాయి. ఒకటి ఎర్ర అట్ట. రెండోది అట్ట నేదు. యాబై ఏళ్ళయింది. అయ్యి ఎవులియో, ఎవులు చదూకుందామనుకున్నారో..."

ఆమె కళ్ళు వేదిక మీద ఎవరిని అడగాలో తెలియక తిరుగుతున్నాయి.

హాల్లోని మనుషులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. గ్రంథాలయం పాత పుస్తకాలకి ఒక వాసన ఉందని అందరికీ తెలుసు. యాభై ఏళ్ళుగా దాన్ని సముద్రం వాసన అనుకుంటున్నారు. దాని మీద ఒకాయన గేయం కూడా రాశాడు.

హంసిని కూర్చుకున్న రెండు వాక్యాలూ ఆ నీళ్ళలోనే పోయాయి. ఆమె భర్త వైపు చూడలేదు. చూస్తే ఆగిపోతానని తెలుసు.

"మిమ్మల్ని తిట్టడానికి పిలవలేదమ్మా" అంది. "మా మామగారు ఆ రోజు ఊళ్ళో లేరు. విజయనగరంలో పెళ్ళిలో ఉన్నారు. పుస్తకాలు మోసింది మీరు. ఆ సంగతి మా అత్తగారు నాకు ఏడేళ్ళ క్రితం చెప్పారు. నేను నోరు మూసుకున్నాను. ఇవాళ కూడా మూసుకుందామనే వచ్చాను."

ధన్విత నోటి మీద చెయ్యి వేసుకుంది. ఆమె భర్త నిటారుగా అయ్యాడు.

డూపులు మాత్రం ఉలిక్కిపడలేదు. అరవై అయిదు వెలుగు తలలు, ఇంట్లో వందసార్లు విన్న కథ మళ్ళీ వింటున్నట్టు, నెమ్మదిగా ఊగాయి. మూడో వరసలో ఒక పెద్దాయన డూపు పక్కవాడితో, "మళ్ళీ మొదట్నుంచా? మనకి తెలిసిందే కదా" అంది. కొందరు నూకరత్నం వైపు తిరిగి, బాగా తెలిసినవాళ్ళని పలకరించినట్టు తల పంకించారు.

"మీకందరికీ ఎలా తెలుసు?" అని ఆ పెద్దాయనే స్వయంగా వెనక వరసలోంచి లేచి తన డూపుని అడిగాడు.

"మూడేళ్ళయిందండీ. చెప్పులు వేసుకునేటప్పుడు మాట్లాడుకున్నాం."

"మరి నాకు చెప్పవేం?"

"పిచ్చాపాటీ కదండీ" అంది డూపు వినయంగా.

అభిజిత్ వేదిక దిగాడు. అతని ముఖంలో ఏముందో హంసినికి బోధపడలేదు. ఆమెని దాటుకుని వెళ్ళి, నాలుగో వరసలో తన డూపు ముందు ఆగాడు.

"నువ్వు కూడా?" అన్నాడు.

"నేను కూడా ఏమిటి?" అంది అతని డూపు. "అమ్మ ఆస్పత్రిలో చెప్పింది మనతోనే కదా. నేను వీళ్ళతో అన్నాను. నువ్వే ఇంట్లో అనలేదు."

హాలంతా విన్నది. హంసినికి మాత్రం ఆ మాటల్లో 'మనతోనే' అన్న ఒక్క మాటే వినపడింది. అంటే అతనికి తెలుసు. తనకి తెలిసినట్టే, ఏళ్ళ తరబడి తెలుసు. తెలిసే ఫోటో తుడిచాడు. తెలిసే మాడిన పెసరట్టు తిన్నాడు.

రోహిత్ నాయుడికి ఇలాంటి సందర్భానికి నియమావళిలో ఏమీ దొరకలేదు. ముసుగు తాడు పట్టుకుని, "బాబూ, ఇది తియ్యమంటారా?" అని అడిగాడు.

"ఉండనివ్వండి" అన్నాడు అభిజిత్. వేదిక మీది శాలువా తెచ్చి, నూకరత్నం ఒళ్ళో పెట్టి, అక్కడే ఆమె పాదాల దగ్గర కూలబడినట్టు కూర్చున్నాడు. ఆమె శాలువా తడిమి చూసి, ఈ ఎండలో ఇదేటి బాబూ అని, మడత పెట్టి నడుం వెనకాల పెట్టుకుంది. తర్వాత అతని తల మీద చెయ్యి వేసి, "మరి ఆ రెండు పుస్తకాలూ?" అని అడిగింది.

"మీరు ఊ అంటే ఈ గ్రంథాలయానికి మీ పేరు పెడతారు" అన్నాడతను.

"పేరుకేటి గానీ, ఆ ఎర్ర అట్టది ఏటైందో కనుక్కోండి."

సభ ముగిసిందని ఎవరూ అనకపోయినా ముగిసింది. రోహిత్ నాయుడు ఆమెని బీరువాల దగ్గరికి తీసుకుపోయాడు. మనుషులు తమతమ డూపుల ముందు గుంపులు కట్టారు. 'ఇంకేం చెప్పావు', 'ఎవరికి చెప్పావు', 'మా తమ్ముడి సంగతి కూడానా' అని లోగొంతుల్లో వాకబులు మొదలయ్యాయి. ధన్విత మొగుడు చెమటలు కక్కుతూ బయటికి నడిచాడు. ధన్విత అతని డూపు పక్క కుర్చీ లాక్కుని తీరిగ్గా కూర్చుంది.

హంసిని బయట మెట్ల మీద కూర్చుంది. మోకాలు సలుపుతోంది. కాసేపటికి అభిజిత్ వచ్చి రెండు మెట్లు కిందగా కూర్చున్నాడు.

"నీకు బాధ కలుగుతుందని చెప్పలేదు" అన్నాడు. "ఈ ఇంటి కోడలివని గర్వపడే విషయం నీకు అదొక్కటే ఉందనుకున్నాను."

"నాకేం గర్వం? మీకు బాధని నేను చెప్పలేదు."

"నేనూ అంతే."

ఇద్దరూ రోడ్డు చూశారు. కలిసి ఇన్నేళ్ళు ఒకే శవాన్ని, ఒకరికి తెలియకుండా ఒకరు కాపలా కాశారు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అంతకు ముందు ఎప్పుడైనా ఇలా కూర్చున్నామా అన్నదీ హంసినికి గుర్తు రాలేదు.

లహరి గుమ్మంలోకి వచ్చింది. హంసిని పక్కన కూర్చోబోయి, చనువు ఎంత ఉందో తేలక, స్తంభానికి ఆనుకుంది.

"మీరిద్దరూ ఇప్పుడు దెబ్బలాడుకోకండి" అంది. "మీ దెబ్బలాట మూడేళ్ళ కిందటే అయిపోనాది. ఆ రోజు ఈ బాబు ముందరేడిసినారు. తరవాత నువ్వేడిసినావు. నువ్వేటో అన్నావు, ఈయన నవ్వీసినారు. అప్పట్నుంచి ఇద్దరూ బాగున్నారు. మొత్తం మా ఇంటికాడ ఉంది. కావలిస్తే ఇనిపిస్తాను, రండి."

అభిజిత్ తలెత్తి చూశాడు. "నేనేమన్నాను?"

"చానా అన్నారు. అమ్మగారు పోయినప్పటి సంగతులు. నాను కూడా ఏడిసినాను."

లోపల నుంచి నవ్వులు వినిపించాయి. ఆ నవ్వుల్లో ఒకటి తనదేనని హంసిని గుర్తు పట్టింది. అలాంటి నవ్వు ఇంట్లో నవ్వి ఎన్నాళ్ళయిందో లెక్క తేలలేదు. దాన్ని పూస ఎక్కడ నేర్చుకుందో!

"వెళ్ళి విందామా?" అన్నాడు అభిజిత్. అతనికి వినాలని ఉందని తెలుస్తోంది. అన్నీ చెప్పేసి, ఏడ్చేసి, ఓదార్పు కూడా పొందేసిన తనని ఒక్కసారి చూసుకోవాలని.

హంసినికీ ఉంది. ఏమని ఓదార్చానో వింటే, అదే మాట ఇప్పుడు అనేయవచ్చు. కష్టం ఉండదు.

"వద్దు" అంది. "మీరే చెప్పండి. మొదట్నుంచి."

"నాకు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు."

"నాకూ తెలియదు. ఎక్కడో ఒకచోట మొదలుపెట్టండి."

లహరి తల్లి కోసం లోపలికి వెళ్ళిపోయింది. అభిజిత్ గొంతు సవరించుకున్నాడు. చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మెట్టు మీద మట్టి గీకాడు.

"ఆ రోజు అమ్మకి జావ తాగించాను" అన్నాడు చివరికి. "కాదు, జావ కాదు. బార్లీ. చెంచా పడిపోయింది. అది తియ్యడానికి వంగాను. నేను మంచం కింద ఉండగా చెప్పింది."

ఆగిపోయాడు. హంసిని లేచింది. రెండు మెట్లు దిగి, అతని పక్కకి జరిగింది.

"చెంచా దొరికిందా?" అని అడిగింది.